జనవరి 25 ఆదివారం, ఆరాధన అయ్యాక

మన సంఘాల్లో ప్రతి ఆదివారం దేశం కోసం ప్రార్థన ఉంటుంది. రాష్ట్రపతి కోసం, ప్రధానమంత్రి కోసం, ముఖ్యమంత్రి కోసం, అధికారంలో ఉన్నవాళ్ళందరి కోసం ప్రార్థిస్తాం. మంచిదే. తిమోతికి రాసిన మొదటి పత్రిక రెండో అధ్యాయంలో పౌలు ఆ పని చేయమనే చెప్పాడు. ప్రార్థన అయ్యాక కళ్ళు తెరిచి పక్కన కూర్చున్నవాళ్ళను రెండు ప్రశ్నలు అడగండి. మీ వార్డు నెంబరు ఎంత? మీ కౌన్సిలర్ పేరేమిటి?

తిరువళ్ళూరులోనూ తిరుత్తణిలోనూ తెలుగు సంఘాలకు వచ్చేవాళ్ళలో నాకు తెలిసిన పాతిక ముప్పై మందిని ఈ మధ్య అడిగి చూశాను. అమెరికా అధ్యక్షుడు నిన్న ఏమన్నాడో చెప్పగలిగినవాళ్ళున్నారు. అమరావతి రాజకీయాలు వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేవాళ్ళున్నారు. వార్డు నెంబరు చెప్పినవాళ్ళు ముగ్గురు. అందులో ఒకాయన పోస్టుమ్యాన్.

ఈ నెల 25 ఆదివారం వచ్చింది. ఆ రోజు జాతీయ ఓటర్ల దినం. తమిళనాడు నియమాల ప్రకారం పట్టణాల్లో ఏరియా సభ జరగవలసిన నాలుగు రోజుల్లో అదొకటి. మిగతా మూడు: ఏప్రిల్ 14 అంబేడ్కర్ జయంతి, సెప్టెంబర్ 15 అణ్ణాదురై జయంతి, డిసెంబర్ 10 మానవ హక్కుల దినం. పదిన్నరకు మనం ఆరాధనలో ఉంటాం, సభకు ఎలా పోతాం అని ఎవరో అడుగుతారని నాకు తెలుసు. ఆ సంగతి చివర మాట్లాడతాను. ముందు ఈ సభ ఏమిటో తెలియాలి కదా.

గ్రామ సభ అందరికీ తెలుసు. జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబర్ 2, నవంబర్ 1, ఏడాదికి ఆరుసార్లు చెట్టు కిందో బడి ఆవరణలోనో జరుగుతుంది. పట్టణంలో ఉండేవాడికి అలాంటి చోటు చాలాకాలం లేదు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ వార్డు కమిటీలు పెట్టమంది గానీ, మూడు లక్షలు, ఆ పైన జనాభా ఉన్న ఊళ్ళకే దాన్ని తప్పనిసరి చేసింది. మన రెండు ఊళ్ళూ ఆ లెక్కలోకి రావు. 2022లో తమిళనాడు ప్రభుత్వం వార్డు కమిటీ, ఏరియా సభ నియమాలు చేసి చిన్న ఊళ్ళకూ ఆ హక్కు ఇచ్చింది. ఆ ఏడాది నవంబర్ 1న మొదటిసారి సభలు జరిగాయి. ముఖ్యమంత్రి స్టాలిన్ తాంబరం కార్పొరేషన్‌లోని పమ్మల్‌లో ఒక సభకు వెళ్ళి కూర్చున్నారు. ఒక్కో వార్డును కొన్ని ఏరియాలుగా విడదీస్తారు. ఆ ఏరియా ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివాళ్ళూ ఆ సభలో సభ్యులే. ఎవరూ నియమించనక్కర లేదు, ఎవరి సిఫారసూ అక్కర లేదు. వీధిదీపం ఎక్కడ కావాలి, కుళాయి నీళ్ళు ఎన్ని రోజులకోసారి వస్తున్నాయి, మురుగుకాలువ ఎక్కడ పూడింది, ముందు ఏ పని జరగాలి అని అక్కడ అడగవచ్చు. వార్డు కమిటీకి కౌన్సిలరే అధ్యక్షుడు. జవాబు చెప్పవలసిన మనిషి మీ ఎదురుగానే కూర్చుంటాడు.

ఈ హక్కు విలువ తెలియాలంటే అది లేని కాలం గుర్తు చేసుకోండి. 2016 అక్టోబర్‌లో పాత కౌన్సిళ్ళ గడువు అయిపోయింది. తరవాత ఎన్నికలు 2022 ఫిబ్రవరి 19న గానీ జరగలేదు. అయిదేళ్ళ పైచిలుకు మన పట్టణాల్లో ప్రజలు ఎన్నుకున్న మనిషి ఒక్కడూ లేడు, అధికారుల పాలనే. మన చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పుడు అదే పరిస్థితి. 2019 డిసెంబర్‌లో ఎన్నికైన పంచాయతీల గడువు 2025 జనవరి 5తో ముగిసింది, ప్రత్యేక అధికారులు నడుపుతున్నారు. పట్టణ కౌన్సిళ్ళకు మిగిలింది ఒక్క ఏడాది. ఆ తరవాత ఎన్నికలు వెంటనే జరుగుతాయో, మళ్ళీ అయిదేళ్ళు ఆగుతాయో ఎవరు చెప్పగలరు? అడగడానికి మనిషి ఉన్నప్పుడే అడగాలి.

ఇప్పుడొక సంగతి చెప్తాను. ఈ జిల్లాలోనే ఒక పట్టణం, పేరు వద్దు. మా సహవాసంలో ఒక అక్క ఉంది. భర్త పోయి ఆరేళ్ళు. విధవ పింఛను మీదా, రెండిళ్ళలో అంట్లు తోమి తెచ్చుకునే దాని మీదా బతుకు. ఒక నెల పింఛను పడలేదు. రెండో నెలా పడలేదు. సాక్ష్యాల సమయంలో లేచి దేవుడే చూసుకుంటాడని చెప్పి ఏడ్చింది. అందరం కరిగిపోయాం. నెలకు పది కిలోల బియ్యం ఇవ్వాలని పెద్దలు తీర్మానించారు. పదకొండు నెలలు ఇచ్చాం. క్రిస్మస్‌కు చీర కూడా పెట్టాం. చీర ఇచ్చేటప్పుడు ఫోటో తీశారు. ఆ ఫోటోలో నేనూ ఉన్నాను, బియ్యం సంచి ఒక కొస పట్టుకుని.

పింఛను ఎందుకు ఆగింది అని ఆ పదకొండు నెలల్లో ఒక్కరం అడగలేదు.

కాలేజీలో చదివే అమ్మాయి ఒకతె అడిగింది. "అక్కా, నీ బ్యాంకు పుస్తకం ఒకసారి చూపించు" అంది. బ్యాంకులో బాప్తిస్మపు పేరు ఉంది, ఆధార్‌లో పుట్టినప్పటి పేరు ఉంది. రెండూ కలవడం లేదని ఎప్పుడో ఆఫీసు నుంచి కాగితం వచ్చింది, తమిళంలో. అక్కకు తమిళం మాట్లాడడం బాగా వచ్చు, చదవడం రాదు. ఎవరికైనా చూపిద్దామని ఆ కాగితాన్ని మడిచి బైబిల్లో పెట్టుకుంది. చూపించడానికి సిగ్గేసింది. ప్రతి ఆదివారం ఆ బైబిల్ మా మధ్యకే వచ్చి పోయింది. అమ్మాయి ఈ-సేవై కేంద్రానికి రెండుసార్లు, తాలూకా ఆఫీసుకు మూడుసార్లు అక్కను తీసుకుపోయింది. ఏడు వారాలకు పింఛను మళ్ళీ మొదలైంది. నెలకు 1,200 రూపాయలు. పోయిన పదకొండు నెలలకు 13,200. మేమిచ్చిన బియ్యం ఖరీదు అందులో సగం కూడా ఉండదు. పైగా పింఛను ఆమెకు హక్కుగా వచ్చేది, తల వంచుకుని సంచి అందుకోనక్కర లేనిది.

దానధర్మాలు వద్దని నేననడం లేదు. ఆకలిగా ఉన్నవాడికి ముందు అన్నం పెట్టాలి. అన్నం పెట్టి అక్కడితో చేతులు దులుపుకోవడం గురించే నా తగాదా. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం మనం ఎన్నిసార్లు చదివి ఉంటాం? యెరూషలేము సంఘంలో గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకు రోజువారీ పంపిణీలో అన్యాయం జరిగింది. ఊళ్ళో భాష వేరు, వాళ్ళ భాష వేరు. వాళ్ళ తరఫువాళ్ళు సణిగారు. సణిగినందుకు అపొస్తలులు కోప్పడలేదు, ఓర్చుకోండమ్మా అని ప్రసంగం చెప్పలేదు. పంపిణీ పద్ధతే మార్చారు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఆ ఏడుగురి పేర్లు చూడండి, అన్నీ గ్రీకు పేర్లే. తమిళనాడులో ఉండే తెలుగు సంఘానికి దీనికన్నా దగ్గరి అధ్యాయం బైబిల్లో ఇంకొకటి లేదు. అయినా దాన్ని పరిచారకుల నియామకం రోజున మాత్రమే చదువుతాం.

"భాష రాదన్నా, అక్కడికెళ్ళి ఏం మాట్లాడతాం?" ఇది తరచూ వినే మాట. ఇందులో సగం నిజం ఉంది. 1960 ఏప్రిల్ 1న పటాస్కర్ తీర్పు ప్రకారం తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అప్పటిదాకా చిత్తూరు జిల్లాలో ఉండేది. దానికి బదులు సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు వెళ్ళింది. కాగితం మీద గీత అటునుంచి ఇటు జరిగింది, మనుషులు ఉన్నచోటే ఉన్నారు. మన తాతలు ఒక రాత్రి పడుకుని లేచేసరికి ఆఫీసు భాష మారిపోయింది. ఆ బాధ అబద్ధం కాదు. భాషా మైనారిటీల కోసం మన దేశంలో ఒప్పుకున్న రక్షణలు కొన్ని ఉన్నాయి. ఒక జిల్లాలోనో తాలూకాలోనో నూటికి పదిహేను మంది, అంతకు పైన మాట్లాడే భాషలోకి ముఖ్యమైన నియమాలూ నోటీసులూ తర్జుమా చేయాలన్నది అందులో ఒకటి. రాజ్యాంగం 350వ అధికరణ ఇంకా ముందుకు పోయి, కష్టం చెప్పుకునే అర్జీని రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా ఇచ్చుకునే హక్కు ఉందంటుంది. మనలో ఎంతమంది తెలుగులో ఒక్క అర్జీ ఇచ్చాం? అరవై ఆరేళ్ళుగా తెలుగుకు అన్యాయం జరిగిందని ఉగాదికి ఉపన్యాసాలు చెప్తాం, రాధాకృష్ణన్ పుట్టిన ఊరు మాది అని చెప్పుకుంటాం. వాడని హక్కు గురించి ఆఫీసరు ఎందుకు కంగారు పడతాడు?

మిగతా సగం అబద్ధం. ఎందుకంటే మన ఇళ్ళలో తమిళం చదివేవాళ్ళు లేకపోలేదు. 2006 చట్టం తరవాత బడిలో తమిళం తప్పనిసరి అయింది. మన పిల్లలు తమిళం గలగలా చదువుతారు, తెలుగు అక్షరాలు గుర్తు పట్టలేరు. అమ్మమ్మలు తెలుగు బైబిల్ చదువుతారు, తమిళ నోటీసు చదవలేరు. ఒకే ఇంట్లో ఒకే సోఫా మీద ఈ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, చెరొక ఫోను చూస్తూ ఉంటారు. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ వ్యాసంలో మీకు నేను చెప్పదలచిన మొదటి పని ఇదే. ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర మడత పెట్టి ఉన్న కాగితాలన్నీ బయటికి తీయించండి. ఆస్తిపన్ను నోటీసు, నీళ్ళ పన్ను, పింఛను, పట్టా, రేషను కార్డు. చదివి చెప్పండి. మీ యౌవనస్థుల కూటంలో ఒక శనివారం సాయంత్రం పాటల ప్రాక్టీసు మానేసి ఈ పని పెట్టుకుంటే దేవుడేమీ నొచ్చుకోడు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. సభకు వెళ్ళేది తెలుగు గుంపుగా వెళ్ళి తెలుగువాళ్ళకేమిస్తారు అని అడగడానికి కాదు. మీ ఎదురింటి తమిళ అక్క గుమ్మం ముందు కూడా అదే మురుగు నిలబడి ఉంది. ఆమెను పిలుచుకుని వెళ్ళండి. మీకు తడబాటు వస్తే ఆమె అందుకుంటుంది.

గత జూలైలో ప్రభుత్వం "ఉంగళుడన్ స్టాలిన్" శిబిరాలు మొదలుపెట్టింది. పట్టణాల్లో 13 శాఖల 43 సేవలు, పల్లెల్లో 15 శాఖల 46 సేవలు. మనవాళ్ళు బాగానే వెళ్ళారు. టోకెను తీసుకుని వరసలో నిలబడి అర్జీ ఇచ్చి వచ్చారు. కొందరికి పని జరిగింది. సంతోషం. కానీ శిబిరం పద్ధతిలో ప్రతివాడూ ఒంటరివాడే. నా పట్టా, నా సర్టిఫికెట్, నా వెయ్యి రూపాయలు. వీధంతటికీ చెందిన కష్టాన్ని ఏ టోకెను మీద ఇస్తాం? పేరు మార్పుకు శిబిరం పనికొస్తుంది, కాలువ పూడిక తీయించడానికి పదిమంది ఒకేచోట, ఒకేసారి, కౌన్సిలరు ముందు కూర్చుని అడగాలి. శిబిరానికి ఇచ్చే ప్రచారం ఏరియా సభకు ఎందుకు లేదో ఆలోచించండి. శిబిరంలో ప్రభుత్వం ఇస్తుంది, మనం పుచ్చుకుంటాం. సభలో మనం లెక్క అడుగుతాం. 2022 ఏప్రిల్‌లో ఆస్తిపన్ను పెంచినప్పుడు 600 చదరపు అడుగుల లోపు చిన్న ఇంటికి కూడా 25 శాతం పెరిగింది. ఆ పెంచిన డబ్బు మా వార్డులో ఎక్కడ ఖర్చయింది అని అడిగే చోటు ఇదొక్కటే.

ఇక అసలు భయం దగ్గరికి వస్తాను. మా సంఘ పెద్ద ఒకాయన, నాకు తండ్రిలాంటివాడు, ఇవన్నీ విని నెమ్మదిగా అన్నాడు: "నువ్వు చెప్పేది బాగానే ఉంది నాయనా. నేను సభలో లేచి నిలబడితే వీడెవడు అంటారు. ఏ గుడి అంటారు, ఏ కులం అంటారు. మనవాడి సర్టిఫికెట్ సంగతి నీకు తెలుసు కదా." నాకు వెంటనే జవాబు తోచలేదు.

సంగతి ఏమిటో మనందరికీ తెలుసు, గట్టిగా మాట్లాడం. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులం హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. తమిళనాడులో ఆది ద్రావిడుల నుంచి క్రైస్తవులైనవారు వెనకబడిన తరగతుల్లోకి వస్తారు. ఇక స్థానిక సంస్థల్లో రిజర్వు స్థానాలు ఎస్సీలకు, ఎస్టీలకు, స్త్రీలకు ఉన్నాయి, వెనకబడిన తరగతులకు లేవు. అంటే ఊరు మనల్ని ఆ వీధిలోనే ఉంచుతుంది, ఆ పేరుతోనే పిలుస్తుంది. ఆ వీధి వార్డు ఎస్సీలకు రిజర్వు అయితే, సర్టిఫికెట్లో క్రైస్తవుడని రాసుకున్నవాడు అక్కడ నిలబడలేడు. 2024 నవంబర్ 26న సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు, నమ్మకం ఒకటి పెట్టుకుని రిజర్వేషన్ కోసం ఇంకొకటి చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. అందుకే ఇన్ని కుటుంబాల్లో రెండు పేర్లు. ఒకటి సంఘం రిజిస్టరుకు, ఒకటి తాలూకా ఆఫీసుకు. ఆ అక్క పింఛను ఆగింది ఆ రెండు పేర్ల మధ్యనే.

ఆ పెద్దాయనను నేను తప్పు పట్టను. పిల్లవాడి చదువు కోసం భయపడే తండ్రిని ఎవరు తప్పు పడతారు? నా కోపం మన సంఘాల మీద. రెండు పేర్లవాళ్ళ నుంచీ దశమభాగం తీసుకుంటాం. వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళు చేస్తాం. ఈ చట్టం ఎందుకిలా ఉందో ఒక్క ఆదివారం కూడా మాట్లాడం. 2023 మార్చి 24న ఆంధ్రప్రదేశ్ శాసనసభ, ఏప్రిల్ 19న తమిళనాడు శాసనసభ, దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వమని కేంద్రాన్ని కోరుతూ తీర్మానాలు చేశాయి. ఒకటి మన భాష రాష్ట్రం, ఒకటి మనం ఉంటున్న రాష్ట్రం. రెండూ మన గురించి మాట్లాడిన నెలలో మన ప్రసంగపీఠాల మీద ఏం మాట్లాడారో గుర్తు చేసుకోండి. 2022 అక్టోబర్‌లో వేసిన జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ పేరు విన్నవాళ్ళు చేతులెత్తండి అంటే ఎన్ని చేతులు లేస్తాయి?

ఆలోచించి ఆ పెద్దాయనకు చివరికి చెప్పిన జవాబు ఇది. "పెదనాన్నా, ఏరియా సభకు సర్టిఫికెట్ అక్కర లేదు. ఓటర్ల జాబితాలో పేరుంటే చాలు. అక్కడ ఏ గుడి అని అడిగే హక్కు ఎవరికీ లేదు. ఒక్కరు లేస్తే వీడెవడు అంటారు. ముప్పై మంది లేస్తే అనరు." ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. వస్తానని మాత్రం అన్నాడు.

జాబితా మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. నవంబర్ 4న మొదలైన ప్రత్యేక సవరణ తరవాత డిసెంబర్ 19న వెలువడిన ముసాయిదాలో రాష్ట్రమంతటా 97 లక్షలకు పైగా పేర్లు పోయాయి. చనిపోయినవాళ్ళవీ, ఇల్లు మారినవాళ్ళవీ, రెండుచోట్ల ఉన్నవీ అందులో ఉన్నాయి. నగరి నుంచి పెళ్ళి చేసుకుని వచ్చిన కోడళ్ళు, మగ్గాల పనికి పళ్ళిపట్టు నుంచి వచ్చి అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళు, రెండు పేర్లవాళ్ళు ముందు తమ పేరు ఉందో లేదో చూసుకోవాలి. జాబితాలో లేనివాడు ఓటుకే కాదు, సభకు కూడా పరాయివాడే.

మన చరిత్ర మనకు తెలిస్తే ఇంత పిరికిగా ఉండం. తిరువళ్ళూరు పక్కనే ఇక్కాడు ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర వెస్లియన్ మిషనరీ విలియం గౌడీ అక్కడ పనిచేశాడు. అప్పట్లో ఆ ప్రాంతం చెంగల్పట్టు జిల్లా. చేరిలో ఉండే మనిషికి తన గుడిసె ఉన్న జాగా కూడా తనది కాదు. బాప్తిస్మం తీసుకుంటే మిరాసుదారు గుడిసె ఖాళీ చేయమని బెదిరించేవాడు. గౌడీ లాంటివాళ్ళు ప్రార్థనతో ఆగలేదు. ఇళ్ళ జాగాల కోసం, సాగు భూమి కోసం సర్కారుతో పోట్లాడారు. 1894లో గౌడీ పరయల భూమి సమస్య మీద వ్యాసమే రాశాడు. చెంగల్పట్టు కలెక్టర్ ట్రెమెన్‌హీర్ 1891లో పరయల స్థితి మీద నివేదిక ఇచ్చాడు. 1892లో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు పంచమి భూములకు దారి తీసింది. తరవాత ఆ భూములు ఎన్ని ఎవరి చేతుల్లోకి పోయాయో వేరే కథ. ఆ భూమిని తిరిగి అడిగినందుకు 1994 అక్టోబర్‌లో చెంగల్పట్టు దగ్గర కారణైలో జాన్ థామస్, ఏళుమలై పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఒకరిది క్రైస్తవ పేరు, ఒకరిది హిందూ పేరు. పేర్లు చూసి వాళ్ళు విడిపోలేదు.

అంటే ఈ నేల మీద సువార్తా, అర్జీ కాగితమూ ఒకే సంచిలో వచ్చాయి. మనం సువార్త ఉంచుకుని అర్జీని పారేశాం.

పూర్తిగా పారేశామని కూడా చెప్పలేం. ఒక్క విషయంలో మాత్రం మనం కౌన్సిలర్ దగ్గరికి వెళ్తాం. ప్రహరీ గోడ కోసం, మందిరం అనుమతి కోసం, క్రిస్మస్‌కు మైకు కోసం. పెద్దలు శాలువా పట్టుకుని వెళ్తారు. డిసెంబర్‌లో ఆయన్ని వేదిక ఎక్కిస్తారు. కేకు కోయిస్తారు. ఆయన రెండు మాటలు చెప్పి, ఈసారి మీ ఓట్లు అని నవ్వుతూ గుర్తు చేసి వెళ్ళిపోతాడు. వెనక వరసలో కూర్చున్న అక్క ఇంటి ముందు మురుగు గురించి ఆ వేదిక మీద ఎవరూ ఎత్తరు. ఎత్తితే గోడ ఆగిపోతుందని భయం. అయ్యగార్లకు కోపం వస్తుందేమో, వచ్చినా సరే, నేనంటాను: సంఘం తన గోడ కోసం సంఘస్థుల నోరు తాకట్టు పెడుతోంది.

"రాజకీయం మురికి, మనకెందుకు" అంటారు. మురికి ఎత్తేది ఎవరు? ఈ ఊళ్ళలో తెల్లవారుజామున వీధులూడ్చేవాళ్ళలో, మద్రాసు వీధులూడ్చేవాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది. తరతరాలుగా ఆ పనిలోకి తోసేసిన కులాలవాళ్ళు. అందులో మన సంఘాలవాళ్ళూ ఉన్నారు. 2025 ఆగస్టు 1 నుంచి చెన్నై కార్పొరేషన్‌లో రాయపురం, తిరు.వి.క. నగర్ మండలాల పారిశుద్ధ్య కార్మికులు, ఎక్కువమంది స్త్రీలు, తమ పనిని ప్రైవేటు కంపెనీకి అప్పగించవద్దని రిప్పన్ బిల్డింగ్ ముందు కూర్చున్నారు. పదమూడో రోజు, ఆగస్టు 13 అర్ధరాత్రి, పోలీసులు వాళ్ళను ఎత్తి బస్సుల్లో పడేశారు. మర్నాడు ప్రభుత్వం వాళ్ళకు ఉచిత టిఫిను ప్రకటించింది. ఉద్యోగం అడిగితే ఇడ్లీ. దీన్ని చూసి నవ్వాలా ఏడవాలా అనుకుంటుండగా నాకు మా పది కిలోల బియ్యం సంచి గుర్తొచ్చింది. మేమూ అదే చేశాం కదా.

ఆ పదమూడు రోజుల్లో తిరువళ్ళూరు నుంచి మద్రాసుకు రోజూ లోకల్ రైళ్ళు నడిచాయి. మన సంఘాల్లో ఉపవాస కూటాలూ నడిచాయి. ఆ అక్కల పక్కన వెళ్ళి కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకు నమస్కారం. నేను వెళ్ళలేదు. వెళ్ళనివాడిగానే ఇది రాస్తున్నాను.

ఇక 25వ తేదీ. ఆరాధన మానమని నేనెవరికీ చెప్పను. ఈస్టరుకు తెల్లవారకముందే లేచి వెళ్తాం, కొత్త సంవత్సరానికి అర్ధరాత్రి దాకా కూర్చుంటాం. ఒక్క ఆదివారం ఏడు గంటలకు ఆరాధన పెట్టుకుంటే తొమ్మిదికి అయిపోతుంది. మా సహవాసంలో అయ్యగారు ఒప్పుకున్నారు. ఇద్దరు పెద్దలు ఇంకా గొణుగుతున్నారు. మీ వార్డులో సభ ఎక్కడ, ఎన్ని గంటలకు అని ఈ వారమే మునిసిపల్ ఆఫీసులో అడగండి. జరగడం లేదంటే ఎందుకు జరగడం లేదో రాసి ఇవ్వమని అడగండి. ముఖ్యమంత్రి సహాయ కేంద్రం నెంబరు 1100, అక్కడా చెప్పండి. సోమవారాల్లో కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. అర్జీ తెలుగులో ఒకటి, తమిళంలో ఒకటి రాసి, రెండింటినీ కలిపి ఇవ్వండి. తెలుగుది తీసుకోమంటే 350వ అధికరణ నెంబరు చెప్పండి, గొడవ పడనక్కర లేదు. రసీదు అడిగి తీసుకోండి. సభలో పది కష్టాలు చెప్తే ఒక్కటీ నిలవదు, ఒకటో రెండో చెప్పండి, తీర్మానం పుస్తకంలో రాశారో లేదో చూశాకే లేవండి.

నెహెమ్యా మూడో అధ్యాయం వరసగా పేర్ల జాబితా, చదువుతుంటే నిద్రొస్తుందని మనం దాటేస్తాం. ఓపిక చేసుకుని చూస్తే అందులో చాలామంది గోడ కట్టింది ఎవరింటి ఎదుట వాళ్ళే. మేము ఆ రోజు ఉదయం పాఠంగా దాన్నే పెట్టుకున్నాం.

మా వీధి నుంచి ఇప్పటికి పదిహేడు మంది వస్తామన్నారు. అందులో ఆరుగురు ఏ సంఘానికీ చెందనివాళ్ళు, ఒక తమిళ అక్క ఇంకో నలుగురిని తెస్తానంది. అడగబోయేవి రెండు: మూడో అడ్డవీధి కాలువ, పాల బూత్ దగ్గర ఆరిపోయిన దీపం. అర్జీ తమిళంలో రాసింది ఆ కాలేజీ అమ్మాయి. తెలుగులో రాసింది పింఛను అక్క. అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి, తిరగరాయమని ఎవరూ అనలేదు.